తూకంలో తీసేయని నీరు

నా నోరు మంచిది కాదని మా అనంతగిరి కొండ మీద అందరికీ తెలుసు. నేను పనిచేసే అంగన్‌వాడీలో పిల్లల తూకం రోజున ఆలస్యంగా వచ్చిన తల్లిని తిట్టకపోతే, నిర్మలకు జ్వరమేమో అనుకునేవారు. అంత నోరున్నదాన్ని, చెప్పవలసిన ఒక్క మాటను పదేళ్లు మింగి కూర్చున్నాను.

2007 వేసవిలో మా చెల్లెలు కనక కూతురు మాధవి విశాఖపట్నం నుంచి సెలవులకు వచ్చింది. యూనివర్సిటీలో భూమి గురించి చదువుతోంది. దక్షిణ ధ్రువంలో మంచు ఎంత కరిగిపోతోందో లెక్కగట్టే పనిలో ఉందట. కనక కాఫీ తోటలో కలుపుకి వెళ్లింది. మేమిద్దరం అరుగు మీద చింతపండు గింజ తీస్తున్నాం.

"అంత మంచుని ఏ కాటాకి కడతారే?" అని ఎగతాళి చేశాను.

"ఆకాశంలో రెండు ఉపగ్రహాలు తిరుగుతాయి పెద్దమ్మా. కింద బరువు ఎక్కువుంటే వాటిని ఎక్కువ లాగుద్ది, తగ్గితే తక్కువ లాగుద్ది. దాన్నిబట్టి తూస్తారు. కానీ అందులో ఒక మోసముంది."

"ఏటది?"

"వేల ఏళ్ల కిందట అక్కడ మంచు ఇంకా మందంగా ఉండేది. ఆ బరువుకి కింద నేల అణిగిపోయింది. మంచు పల్చబడ్డాక నేల మెల్లగా లేవడం మొదలెట్టి, ఇప్పటికీ లేస్తానే ఉంది. అడుగున రాయి వచ్చి చేరుతోంది. ఉపగ్రహానికి రాయేదో మంచేదో తెలీదు, మొత్తం బరువే తెలుసు. ఆ రాయి బరువు తీసెయ్యకపోతే, మంచు పోతున్నా అంతగా పోనట్టు కనబడుద్ది. ఎంత తీసెయ్యాలో చూడడమే నా పని."

చింతపండు నా చేతిలోనే ఉండిపోయింది. ఆ తర్వాత మాధవి ఇంకేదో చెప్పింది గాని నాకు వినపడలేదు.

మాధవికి ధర్మ అని ఒక తమ్ముడు ఉండేవాడు. 1997 వానల్లో, మూడో ఏడు నడుస్తుండగా, వాడికి తట్టు పోసింది. మా దగ్గర దాన్ని అమ్మవారు రావడమంటారు. తగ్గాక కూడా చాలాకాలం చేప, గుడ్డు లాంటి నీచు పెట్టరు, పొద్దస్తమానం చోడి అంబలే, అంటే రాగి జావే. రెండు నెలల తర్వాత కనక వాడిని తూకానికి తెచ్చింది. కాటాకు కట్టిన గుడ్డ ఊయలలో కూర్చోబెట్టాను. పోయిన నెలకంటే నాలుగు వందల గ్రాములు ఎక్కువ తూగాడు. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి.

"గుంటడు ఒల్లు సేసినాడప్పా," అని కనక మురిసిపోయింది. మా వైపు అక్కని అప్పా అంటారు. మళ్లీ తనే, "కానీ ఆడుకోట్లేదు. కూకున్న కాడే కూకుంటన్నాడు. ఆస్పత్రికి తీసుకెల్దునా?" అని అడిగింది.

ట్రైనింగులో మాకు చెప్పారు. పాదం మీద బొటనవేలితో నొక్కండి, గుంట పడి అలాగే నిలిస్తే అది కండ కాదు, నీరు. అప్పుడు కాటాని నమ్మకండి, బిడ్డను వెంటనే ఆస్పత్రికి పంపండి అని. నేను నొక్కాను. గుంట పడింది. అలాగే నిలిచింది. కానీ కాటా ముల్లు ముందుకే వెళ్లింది కదా, పిల్లాడి ఎదుగుదల కార్డులో గీత పైకే పోయింది కదా. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, నా వేలిని వదిలి ముల్లుని నమ్మాను.

"కాటా సూడే, పెరిగినాడు. ఈ వానలో ఏటి ఆస్పత్రి," అని కసిరాను.

పన్నెండు రోజులకు ధర్మ పోయాడు.

కనక నన్ను పల్లెత్తు మాట అనలేదు. తప్పంతా తనమీదే వేసుకుంది. పథ్యంలో ఉండగా వాడు ఏడిస్తే చూడలేక ఒకసారి ఎండుచేప ముక్క పెట్టిందట. అందుకే అమ్మవారికి కోపమొచ్చి తీసుకుపోయిందని ఊరంతా అంది, కనకా నమ్మింది. ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఎండుచేప వండలేదు. సంతలో చేపల వరస వస్తే తల తిప్పుకుని నడుస్తుంది. తెలిసీ పదేళ్లు దాని పక్కనే నడిచాను. ఎంత పాపిష్టిదాన్ని.

ఆ సాయంత్రం కనక తోట నుంచి వచ్చి కాళ్లు కడుక్కునే దాకా ఆగాను. మాధవి ఎదురుగానే చెప్పేశాను. వేలు, గుంట, ముల్లు, ఏదీ దాచలేదు.

"ఆడు ఒల్లు సెయ్యలేదే. లోపల సిక్కిపోనాడు. ఆ బరువు నీరుది. తూకంలో దాన్ని నాను తియ్యలేదు."

కనక నన్ను కొట్టినా బాగుండేది. తుడుచుకున్న కాళ్లనే మళ్లీ మళ్లీ తుడుచుకుంటూ ఉంది.

"మరయితే ఎండుసేప వల్ల కాదా అప్పా?"

"కాదే. ఆడికి అలాటి తిండే కావాల. అది లేకే నీరు పట్టింది." ఇంక దాచే ఓపిక నాకు లేదు.

మాధవి వెళ్లి తల్లి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. కనక ఆ చేతినే చూస్తూ మెల్లగా అంది.

"ఇంకో ముక్క అడిగినాడప్పా. అమ్మోరికి బయపడి, సట్టి దాసేసినాను."