ఈశ్వరి ఫోన్లో పేర్లు

కుందుర్పి మండలంలో రాయి విసిరితే ఏదో ఒక సుంకమ్మకు తగులుతుంది. ఈశ్వరి చూసుకునే ఉపాధి పనిలో ఉన్న నలభై మందిలోనే నలుగురు సుంకమ్మలు. నలుగురినీ ఉత్త సుంకమ్మ అని ఫోన్లో రాసుకుంటే ఒకరికి చేస్తే ఇంకొకరు ఎత్తుతారు. అందుకని ఈశ్వరి ఒకామెను 'పొడుగు సుంకమ్మ' అనీ, ఒకామెను 'చర్చి సుంకమ్మ' అనీ, ఒకామెను 'గొర్రెల సుంకమ్మ' అనీ రాసుకుంది. నాలుగో ఆమె హాజరుకు తీసే రెండో ఫొటో పడగానే గడ్డపార కింద పడేసి ఇంటిదారి పట్టే రకం. ఆమెను 'సగం పని సుంకమ్మ' అని రాసుకుంది. ఎవరి ఫోన్ వాళ్ళది. లోపల ఏం రాసుకుంటే ఎవరికి తెలుస్తుంది?

తెలిసింది. బుధవారం పొద్దున ఊరందరికీ ఒకేసారి తెలిసింది.

ఈశ్వరి ఆ ఊరి మేటు. నీటికుంట తవ్వే చోట ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో రోజుకు రెండుసార్లు ఫొటో తీసి ఫోన్లో ఎక్కించడం ఆమె పని. ఫొటో పడకపోతే ఎంత తవ్వినా తవ్వనట్టే లెక్క. అందుకని ఊళ్ళో ఆమె ఫోన్‌కు ఉన్న మర్యాద సర్పంచి మాటకు కూడా లేదు. ఆ మర్యాద ఆమెకు కాస్త తలకెక్కిందనే చెప్పాలి. ఎవరైనా ఫోన్లో మోసపోయారని వింటే చాలు, "తెలియని దాన్ని నొక్కేటోనికి బుద్ధి ఉండాదా? నేను పంపింది తెరవండి, వేరేవాళ్ళు పంపితే తుడిచేయండి" అని కుంట గట్టు మీద నిలబడి నీతులు చెప్పేది.

బుధవారం పొద్దున పక్క ఊరి మేటు నంబరు నుంచి ఆమెకొక ఫైలు వచ్చింది. 'పంట బీమా జాబితా' అని దాని పేరు. ఈశ్వరికి మూడెకరాల చెనిక్కాయ చేను ఉంది. ఏడేళ్ళలో ఐదేళ్ళు విత్తనం కూడా తిరిగి రాలేదు. ఈ నేల మీద బీమా అనే మాట వినబడితే సమాధిలో మనిషి కూడా లేచి ఆధార్ కార్డు వెతుక్కుంటాడు. నీతులు చెప్పిన ఈశ్వరి కూడా నొక్కింది. తెర ఒకసారి మినుక్కుమంది. జాబితా లేదు, ఏమీ లేదు. సిగ్నల్ లేదేమో అనుకొని ఫోన్ కొంగులో చుట్టుకొని పేడ ఎత్తడానికి పోయింది.

ఆమె పేడ ఎత్తి వచ్చేలోపల ఫోన్ తన పని తాను చేసుకుపోయింది. ఆమె దగ్గరున్న నంబర్లన్నిటికీ, ఏ పేరుతో దాచుకుందో ఆ పేరుతోనే పిలిచి మరీ, అదే ఫైలు పంపింది.

మొదటి ఫోన్ నాలుగో సుంకమ్మది.

"ఏమ్మే ఈశ్వరీ! 'సగం పని సుంకమ్మ గారూ' అని పంపినావే, నాది సగం పనా? నీ యవ్వారం రేపు కుంటకాడ తేలుస్తా. అది సరే గానీ, నొక్కినా, ఏమీ కానరాలేదు. జాబితాలో నా పేరు యాడుండాది?"

ఈశ్వరి గబగబా వాట్సాప్ తెరిచి చూసింది. 'నోరు లక్ష్మీనరసమ్మ గారూ, పంట బీమా జాబితాలో మీ పేరు ఉంది. చూసుకోవడానికి కింద నొక్కండి.' 'ఆలస్యం గురప్ప గారూ, పంట బీమా జాబితాలో మీ పేరు ఉంది.' అట్లా కిందికి జరిపేకొద్దీ వస్తూనే ఉన్నాయి. చదువుతుండగానే తెర నల్లబడి, వాట్సాప్ ఆమెనే బయటికి నెట్టేసింది. మళ్ళీ లోపలికి పోదామంటే పోనివ్వలేదు.

ఊళ్ళో ప్రతి ఒక్కరికీ ఆ పేరు చూసి ఒళ్ళు మండింది. మండినా ప్రతి ఒక్కరూ నొక్కారు. తిట్టి పెట్టినా బీమా బీమానే కదా!

మధ్యాహ్నం గురప్ప వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. పోయిన వారం సంతలో రెండు పొట్టేళ్ళు అమ్మి బ్యాంకులో వేసుకున్న మనిషి. మూడు మెసేజులు టకటకా వచ్చాయట, పొట్టేళ్ళ డబ్బు మొత్తం పోయిందట. అరిస్తే బాగుండేదని ఈశ్వరికి అనిపించింది. గురప్ప అరవలేదు.

"నీ నంబరు నుంచి వచ్చినాది కదమ్మా, అందుకే నొక్కినా. వేరేవాళ్ళు పంపితే తుడిచేయమని నువ్వే చెప్తివి కదా" అన్నాడు.

ఆ మాట ఆమెకు చెప్పుతో కొట్టినట్టుంది. అయినా ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు. భర్త జయరాం ఫోన్ తీసుకొని కుందుర్పిలో ఫోన్లు బాగుచేసే వీరేష్‌కు చేసింది.

"అక్కా, ముందు డేటా ఆపు" అన్నాడు వీరేష్. "అది జాబితా కాదు, దొంగ యాప్. నీకొచ్చే ఓటీపీలు అన్నీ చదువుతాది. సెట్టింగుల్లో యాప్‌లు ఉంటాయి చూడు, దాంట్లో పేరు లేకుండా ఉత్త తెల్ల బొమ్మ ఒకటుంటాది. దాన్ని తీసేయాల. ఎవరెవరు నొక్కినారో అందరి ఫోన్లలో తీసేయాల. ఒక్కటి మిగిలినా అది మళ్ళా అందరికీ పంపుతాది. గురప్పన్న చేత సైబర్ పోలీసుల 1930 నంబరుకు చేపియ్యి, ఇప్పుడే."

తన ఫోన్లోని దొంగను తీసేసి, గురప్ప పక్కన కూర్చొని ఈశ్వరే ఫోన్ చేయించింది, బ్యాంకుకూ చెప్పించింది. కొంత ఆపగలిగామన్నారు, ఎంతో చెప్పలేదు. అప్పుడు గుర్తొచ్చింది ఈశ్వరికి. శుక్రవారం ఆరు వారాల కూలి ఒకేసారి ఖాతాల్లో పడుతుంది. పడుతుందని ఊరంతా చాటింది కూడా తనే. శుక్రవారం పొద్దునకు ఆ దొంగ ఊళ్ళో ఏ ఫోన్లోనూ ఉండకూడదు. ఎండలో బండరాయి లాంటి నేలను తవ్విన కూలి అది.

"నీ ఫోన్ ఎవరో దొంగలు పట్టుకున్నారని చెప్పు. నువ్వేమి చేసినావు దాంట్లో?" అన్నాడు జయరాం.

"నొక్కింది నేను."

"అది చెప్పాల్నా అందరికీ?"

"చెప్పకుంటే ఫోన్ నా చేతికి ఎవరిస్తారు? చెప్పాల్సిందే."

గురువారం పొద్దున కుంట గట్టు ఎక్కింది. నీతులు చెప్పిన చోటే. కింద నలభై మంది తట్టలు బోర్లించుకొని కూర్చున్నారు. లక్ష్మీనరసమ్మ చేతులు కట్టుకొని ముందు వరసలో ఉంది. ఆమె మౌనంగా ఉండటం ఊళ్ళో ఎవరూ ఎన్నడూ చూసి ఎరుగరు.

"తప్పు నాది" అంది ఈశ్వరి. "తెలియని దాన్ని నొక్కొద్దని మీకు చెప్పి, నేనే నొక్కినా. ఆ పేర్లు కూడా నేను రాసుకున్నవే. దొంగ రాయలేదు. తిట్టేవాళ్ళు తిట్టండి, కానీ ఫోన్లు నా చేతికిచ్చి తిట్టండి. రేపు కూలి పడేలోపల ఆ దొంగను తీసేయాల."

లక్ష్మీనరసమ్మ లేచి ఫోన్ ఆమె చేతిలో పెట్టింది. పెట్టి మొదలుపెట్టింది. ఈశ్వరి తల్లిని, అత్తను, మేటు ఉద్యోగాన్ని, జయరాం మీసాన్ని ఏదీ వదలలేదు. ఈశ్వరి ఊ కొడుతూనే తెల్ల బొమ్మ వెతికి తీసేసి, బ్యాంకు రహస్య నంబరు మార్పించి, ఫోన్ తిరిగి ఇచ్చింది. లక్ష్మీనరసమ్మ ఆయాసపడి, "నీళ్ళు తాగొస్తా ఉండు, ఇంకా ఉండాది" అని పక్కకు పోయింది. అందరూ పకపకా నవ్వారు. వరస కట్టారు. సగం పని సుంకమ్మ అయితే ఆ రోజు పొద్దు వాలేదాకా గడ్డపార దించలేదు, పంతానికి.

పని చోట ఉన్నవాళ్ళు అయిపోయారు. ఇంక ఇళ్ళలో ఉన్నవాళ్ళు. మొత్తం అరవై మూడు పేర్లు ఒక కాగితం మీద రాసుకొని ఈశ్వరి వీధి వీధి తిరిగింది. ఒక ఇంట్లో ఫోన్ తాళం తీసే నంబరు ముసలాయనకే గుర్తులేదు, గోడ మీద బొగ్గుతో రాసిపెట్టి ఉంది. ఇంకొక ఇంట్లో "తీసేస్తే జాబితాలో మా పేరు కూడా పోతాదేమో" అని ఇవ్వనన్నారు. జాబితానే లేదని నమ్మించడానికి అరగంట పట్టింది. ఒకాయన నాలుగు మాటలన్నాడు, ఒకామె తలుపు వేసుకుంది. ఈశ్వరి ఆ తలుపు ముందే కూర్చుంది. కాసేపటికి కిటికీలోంచి ఫోన్ బయటికి వచ్చింది. పొద్దు పడమటికి వాలేసరికి కాగితం మీద అరవై రెండు పేర్లు కొట్టేసి ఉన్నాయి. ఒకటి మిగిలింది.

కుళ్ళాయప్ప.

కుళ్ళాయప్ప ఈశ్వరి తండ్రికి స్వయానా అన్న. పదకొండేళ్ళుగా రెండిళ్ళకూ మాటల్లేవు. కుళ్ళాయప్ప చేలో బోరుకు రెండంగుళాల నీళ్ళు పడేవి. ఈశ్వరి తండ్రి ఆంజినప్ప దానికి ఇరవై అడుగుల దూరంలో తన బోరు వేయించాడు. అన్న బోరు ఎండిపోయింది, రెండేళ్ళకు తమ్ముడిదీ ఎండిపోయింది. నీళ్ళు పోయినా పగ పోలేదు. మూడేళ్ళ కిందట ఆంజినప్ప చనిపోతే అన్న మట్టి వేయడానికి వచ్చాడు, ఒక్క మాట కూడా మాట్లాడకుండా పోయాడు. ఆ రోజు ఈశ్వరి కడుపులో పడ్డ మంట ఇంకా ఆరలేదు. ఆ ఇంటి గడప తొక్కనని అమ్మ ముందు ఒట్టు కూడా పెట్టుకుంది.

ఇంటి ముందు ఆగింది. తిరిగి పోదామనుకుంది. ఒక్క ఫోనే కదా! కానీ ఒక్కటి మిగిలినా మొదటికే వస్తుందన్నాడు వీరేష్. చేలో వయ్యారిభామ కలుపు మొక్క ఒక్కటి వదిలినా ఏమవుతుందో ఆమెకు చెప్పనక్కర్లేదు. ఒట్టు తన ఒక్కదానిది, కూలి ఊరందరిది. లోపలికి నడిచింది.

కుళ్ళాయప్ప అరుగు మీద కూర్చొని గొర్రెబొచ్చు దారం వడుకుతున్నాడు. తల ఎత్తి చూసి మళ్ళీ దించుకున్నాడు.

"ఫోన్ ఒకసారి ఇయ్యాల" అంది ఈశ్వరి. ఏమని పిలవాలో తెలియక ఏమనీ పిలవలేదు. "నిన్న నా ఫోన్ నుంచి వచ్చింది దొంగది. తీసేసి పోతా."

"నా ఫోన్‌కు ఏమీ కాలేదు."

"అందరూ అట్లనే అన్నారు. చూస్తే అందరి దాంట్లో ఉండాది."

"నేనియ్యను."

"ఏంటికి? జాబితా అబద్ధం. బీమా రాదు."

"రాదని నాకు తెలీదా? ఏడేండ్లుగా వచ్చిందా ఏమి?" అని కదురు పక్కన పెట్టాడు. "బీమా కోసం కాదు."

"మల్ల దేనికి?"

ఈశ్వరి అరుగు చివర కూర్చుంది. ఇంత దూరం వచ్చాక లేచేది లేదు. రేపటి కూలి సంగతి చెప్పింది, గురప్ప పొట్టేళ్ళ సంగతి చెప్పింది, గట్టు మీద నిలబడి తప్పు ఒప్పుకున్న సంగతి కూడా చెప్పింది. చెప్పినంతసేపూ ఆయన తన చేతులు చూసుకుంటూ ఉన్నాడు. చివరికి అంగీ జేబులోంచి ఫోన్ తీసి ఆమెకు ఇచ్చాడు.

తెర మీద ఆ మెసేజే ఉంది. ఫైలు నొక్కలేదు. ఈశ్వరి లోపలికి పోయి రెండుసార్లు వెతికింది. దొంగ లేడు. ఊరంతా నొక్కితే ఈయనొక్కడే నొక్కలేదు. మళ్ళీ మెసేజు దగ్గరికి వచ్చి అప్పుడు చదివింది.

'పెద్దనాయన గారూ, పంట బీమా జాబితాలో మీ పేరు ఉంది.'

ఎన్నడో బోరు గొడవకు ముందు రాసుకున్న పేరు అది. ఫోన్లు నాలుగు మారినా, ఒట్లు ఎన్ని పెట్టుకున్నా, ఆ పేరును ఆమె మార్చలేదు. మార్చాలని తోచలేదు.

"నీ నంబరు నుంచి వచ్చినాది" అన్నాడు కుళ్ళాయప్ప, ఎటో చూస్తూ. "ఒక్కొక్క అక్షరం కూడుకొని చదివినా. మొదటి మాట వరకే చదివినా. తక్కినది నాకెందుకు? నువ్వే రాసినావనుకుంటి."

ఈశ్వరి అవునని చెబితే సరిపోయేది. కానీ పొద్దుటి నుంచీ అరవై రెండు మందికీ నిజమే చెప్పి వచ్చింది.

"నేను రాయలేదు. దొంగది" అంది. "దీన్ని ఉంచకూడదు. ఎవరన్నా తెలీక నొక్కితే నీ దుడ్లు పోతాయి."

ఆయన తల ఊపాడు. "అయితే తీసేయ్" అన్నాడు.

తీసేసింది. తెర ఖాళీ అయింది. ఆయన ఫోన్ అందుకొని ఆ ఖాళీ వైపు చాలాసేపు చూశాడు.

"ఇంక దీంట్లో ఏమీ లేదు" అన్నాడు.

"మెసేజి దొంగదే. పేరు మాత్రం నేను రాసుకున్నదే, పెద్దనాయనా" అంది ఈశ్వరి.

కుళ్ళాయప్ప మొహం ఇంట్లోకి తిప్పి, వీధిలో వాళ్ళకు కూడా వినబడేంత గట్టిగా భార్యను కేకేశాడు.

"మజ్జిగ తీసుకురామ్మే! మా ఆంజినప్ప కూతురొచ్చినాది."