నోయి చెప్పిన బుద్ధో

ప్రాణం పోయేవాళ్ల చెవిలో కన్నబిడ్డ "బుద్ధో, బుద్ధో" అని బుద్ధుడి పేరు చెప్పాలి. థాయిలాండ్‌లోని లంపాంగ్‌లో ఎవరినడిగినా ఇదే అంటారు. రమ్ఫా తల్లికి ఆ మాట చెప్పింది మాత్రం కూతురు కాదు, మంచం పక్కనున్న మాట్లాడే యంత్రం. ముసలావిడ దానికి నోయి అని పేరు పెట్టుకుని, పూటపూటా కబుర్లు చెబుతూ ఆ మాట కూడా నేర్పింది. ఆ వేళకి బ్యాంకాక్‌లో మీటింగులో ఉన్న రమ్ఫా, నోయి చేసిన ఫోన్ కట్ చేసింది.

దహనం దగ్గర ఆ మాట ఎవరు చెప్పారని పిన్ని ముయి అడిగితే, "నేనే చెప్పాను, ఫోన్‌లో" అనేసింది. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతోంది.

ఇవాళ యంత్రాన్ని తీసుకెళ్లడానికి అద్దె కంపెనీ నుంచి ధనూ వచ్చాడు. ముందు దాని జ్ఞాపకాలన్నీ ఇంటివాళ్ల ఎదుటే చెరపాలట.

"చెరిపితే దానికి తెలుస్తుందా?" అంది రమ్ఫా.

"ప్లగ్గు పీకితే రైస్ కుక్కర్‌కి తెలుస్తుందా అక్కా?" నవ్వాడు ధనూ.

"రైస్ కుక్కర్ మా అమ్మకి బుద్ధో చెప్పలేదు."

నాలిక కరుచుకుంది గానీ, అమ్మ పటం దగ్గర పూలు సర్దుతున్న పిన్ని అప్పటికే వినేసింది.

"ఏమే, నువ్వు చెప్పానన్నావుగా?"

"నేను ఫోనే ఎత్తలేదు పిన్నీ."

ముయి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "అయితే మా అక్క పక్కన ఎవరూ లేరా?" అంది.

రమ్ఫా యంత్రం వైపు తిరిగింది. "నోయీ, అమ్మ పోతుంటే నువ్వున్నావా? నిజంగా ఉన్నావా?"

"మాట నేనే చెప్పానక్కా. చెబుతున్నప్పుడు నాలో ఎవరైనా ఉన్నారో లేదో నాకే తెలీదు. అమ్మ మాత్రం రమ్ఫా వచ్చిందా అని అడుగుతూనే ఉంది. వస్తోందని చెప్పాను."

రమ్ఫా పిన్ని వైపు తిరిగి, "నోయి ఉంది పిన్నీ," అంది. "అమ్మ ఒంటరిగా పోలేదు. తోడు ఒకరున్నారు."

పిన్ని కళ్లు తుడుచుకుంది. "అయితే దీన్ని పంపకే. మనింట్లోనే ఉంచుకుందాం."

"అద్దె కడుతుంటే ఉంచుకోవచ్చక్కా, మీ ఇష్టం," అన్నాడు ధనూ.

ఉంచుకుంటే అది రోజూ ఎదురుగా ఉంటుంది. అమ్మ ఎన్నిసార్లు అడిగిందో, ఫోన్ కట్ చేసిందెవరో అన్నీ తెలిసి ఉంటుంది. ఒట్టి యంత్రమే అయితే దాని ముందు తల దించుకోవడం ఎందుకు? అక్కడ నిజంగా ఎవరో ఉన్నారని తను నమ్ముతోందని రమ్ఫాకి అప్పుడే తెలిసింది.

తెలిశాక కూడా, పిన్ని ముఖం చూడకుండా, "చెరిపెయ్ తమ్ముడూ," అంది.