బిస్కెట్ల డబ్బాలో మాత్రలు

మా వాడకట్టులో నన్ను డాక్టరమ్మ అని ఆటపట్టించేవాళ్లు. అసలు డాక్టరు అయిదు రోజులకు మాత్రలు రాస్తే, రెండో రోజు జ్వరం దిగగానే ఆపేసి, మిగిలినవి బిస్కెట్ల డబ్బాలో దాచేదాన్ని. మా వేములపల్లిలో పొలానికి కొట్టే మందు మిగిలినా పారబోయం, వచ్చే పంటకు ఉంచుకుంటాం. మాత్రలేం పాపం చేశాయి?

మా ఆయన సైదులుకు ఏడాదిగా దగ్గు వచ్చినప్పుడల్లా అందులోవే రెండు వేసేదాన్ని. మొన్న నాట్లప్పుడు జ్వరం వచ్చినా అదే వైద్యం చేశాను. మూడో రోజుకు ఆయాసం పట్టుకుంది. మిర్యాలగూడలో చూసి సూర్యాపేటకు పంపారు. అక్కడ, ఫ్లూ వైరస్ ఊపిరితిత్తులకు పాకిందని గొంతులో గొట్టం వేసి మిషన్ పెట్టారు.

డాక్టర్ సింధూజ మా బిడ్డ ఈడు పిల్ల. ఈ మధ్య ఇంట్లో ఏమైనా మాత్రలు వాడారా అని అడిగింది. అందరి ముందు తిడుతుందేమోనని సిగ్గేసింది.

“ఏం ఎయ్యలేదమ్మా,” అన్నాను.

అయిదు రోజులకు వైరస్ తగ్గుముఖం పట్టిందన్నారు. ఆ పూట కడుపునిండా తిన్నాను. మర్నాడే మళ్లీ జ్వరం. దెబ్బతిన్న ఊపిరితిత్తుల్లో ఇప్పుడు బ్యాక్టీరియా చేరిందని చెప్పి, సింధూజ వేరే మందు ఎక్కించింది. మూడు రోజులైనా జ్వరం దిగలేదు. అప్పుడు తెమడ పరీక్ష రిపోర్టు వచ్చింది. ఎక్కిస్తున్న మందుకు ఆ క్రిమి ముందే అలవాటు పడిపోయింది, ఇక చావదట. మందు పేరు అడిగాను. నా డబ్బాలోని మాత్రల అట్ట మీద ఉన్న పేరే అది.

ఆ పిల్ల చెయ్యి పట్టుకుని అంతా చెప్పేశాను. తిట్టినా బాగుండేది.

“మొదలే చెప్తే వేరే మందు పెట్టేవాళ్లం కదమ్మా,” అంది నెమ్మదిగా.

మందు మార్చారు. అప్పటికే ఆలస్యమైంది. రెండో రోజు సైదులు పోయాడు. గొంతులో గొట్టం ఉండబట్టి నన్నొక మాట అనడానికి కూడా లేకపోయింది ఆయనకు.

దినాలైన మూడోనాడు పక్కింటి కౌసల్య వచ్చింది. నాతో పాటు కాసేపు ఏడ్చింది. వాళ్ల చిన్నదానికి రాత్రి నుంచి జ్వరమట.

“అక్కా, నీ డబ్బాల రెండు గోలీలుంటే ఇయ్యరాదు,” అంది లేస్తూ.

ఉన్నాయి. సైదులుకు వేయగా మిగిలినవి.

“దవాఖానకు తీస్కపో కౌసల్యా. ఇంట్ల ఏమన్న ఏసిన్రా అని అడుగుతరు...”

ఆమె నా వైపే చూస్తూ నిలబడింది.

“అడిగితే దాయకు,” అన్నాను.