అరగని పక్క

కనకవ్వ ఇంటి అరుగు మీద దుబ్బయ్య ఉలి టకటకమంటూనే ఉంది. విసుర్రాయి పైబిళ్లను వెల్లకిలా పడేసి, కుడికాలు బారజాపి, కళ్లు సగం మూసుకుని దానికి కక్కు పెడుతున్నాడు. కళ్లప్పగించి చూస్తూ చేసే పని కాదది. రాతి పలుకు ఎగిరి కంట్లో పడిందంటే ఇక అంతే సంగతులు. ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడో సుత్తె దెబ్బకు పోయింది, మళ్లీ రాలేదు. వేళ్ల కణుపులు లావెక్కిపోయి, ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఆ చెయ్యి ఉలి పట్టుకున్నట్టే వంగి ఉంటుంది. కనుబొమల నిండా, మీసాల నిండా రాతిపొడి. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరి తెచ్చిన దగ్గు ఎప్పుడు మొదలైందో ఆయనకే గుర్తులేదు.

కక్కు అంటే పెద్ద విద్యేం కాదు. రోజూ విసిరే రాయి అరిగి నున్నబడుతుంది. నున్నబడితే గింజ నలగదు, జారిపోతుంది. ఉలితో సన్నసన్న గుంటలు కొట్టి మళ్లీ గరుకు తేవాలి. అంటే ఆడవాళ్లు ఏడాది పొడుగునా అరగదీసిన నునుపును దుబ్బయ్య ఒక్క పూటలో చెరిపేసి లేచిపోతాడన్నమాట. సిద్దిపేట గల్లీల్లో ఇన్నేళ్లు తిరిగాడే గానీ ఆ ముచ్చట ఆయన బుర్రకు ఒక్కనాడూ తట్టలేదు. ఈవేళ పొద్దున్నుంచి మాత్రం అదే ఆలోచన, వదిలితే ఒట్టు.

నిన్న అంగడిలో అంజవ్వ కనబడింది. పోయిన భార్య లింగవ్వకు చెల్లెలి బిడ్డ. అత్తగారింటి నుంచి వేరుపడి ఇబ్రహీంపూర్‌లోనే కొత్తగా పొయ్యి పెట్టుకుందట. పెద్దమ్మ విసుర్రాయి ఇంట్లో ఊరికే పడి ఉంది గదా, నాకియ్యి పెద్దబాపూ అని అడిగింది. పిల్లాజెల్లా లేని మనిషి, అడిగిన ఆడపిల్లకు కాదని ఎట్లా అంటాడు? సరేనన్నాడు. ఈ ఒక్కరోజు ఆగి, రేపు పొద్దున మొగుడు భూపతితో బండి కట్టించుకుని వస్తానంది.

మాటైతే ఇచ్చాడు గానీ అప్పటినుంచి మనసు మనసులో లేదు. కక్కు పెట్టకుండా మొద్దురాయిని బండెక్కిస్తే నలుగురూ నవ్వుతారు, ఊరందరికీ కక్కులు పెట్టే దుబ్బయ్య ఇంటి రాయికే పదును లేదట అని. కక్కు పెట్టాడా, లింగవ్వ చేతి అరుగుదల దాని మీద ఉండదు. చీరలు ఎవరెవరికో ఇచ్చేశాడు. ఆమె వండిన కుండలు పగిలిపోయాయి. ఇంత కాపురానికీ ఆమె గుర్తుగా మిగిలిందల్లా ఆ నునుపే. లింగవ్వ పోయిన ఈ నాలుగేళ్లుగా ఆ రాయిని కదిలించలేదాయన. కూలికి వచ్చిన గింజలు పక్కింటి దుర్గవ్వకిస్తే తన వాటితో పాటు విసిరి ఇస్తుంది.

కనకవ్వ వచ్చి, ఇంకెంతసేపని అడిగింది. పైబిళ్ల అయింది, కింది రాయే ఉందన్నాడు. ఆ కింది రాతి మీద అరచెయ్యి పెట్టి చుట్టూ ఓసారి తిప్పి, మీసాల్లోనే నవ్వుకున్నాడు.

“మీ కోడండ్లకు పడదని ఊరంత అంటది గని అవ్వా, రాయి కాడ మాత్రం ఇద్దరు కలిసే కూసుంటున్నరు.”

“నీకెవలు చెప్పిన్రు?”

“గిదే చెప్పింది. గీ పక్క ఎంత అరిగిందో గా పక్క గూడ అంతే అరిగింది.”

నిజమే మరి. పైబిళ్ల తిరుగుతుంది, కింది రాయి కదలదు. ఎవరు ఏ వైపు కూర్చుని గుంజితే ఆ వైపు బరువు పడి అక్కడే ఎక్కువ అరుగుతుంది. లోపల కోడళ్లిద్దరూ కిసుక్కుమన్నారు. తిట్టుకోవడానికైనా ఎదురుబొదురు కూర్చోవాలె గదా అని కనకవ్వ గొణుక్కుంటూ, చేటెడు జొన్నలు తెచ్చి ఆయన సంచిలో పోసింది.

ఆ తర్వాత పొద్దు వాలేదాకా గల్లీ గల్లీ తిరిగినా మరో పిలుపు రాలేదు. బజారులో పిండి పట్టే గిర్ని పెట్టినప్పటి నుంచి ఇదే వరస. ఎక్కడో సాగుతున్న యుద్ధం, ఆ లడాయి పుణ్యమా అని దానికి నూనె దొరక్క ఆగిపోయిన రోజుల్లో మాత్రం దుబ్బయ్య అందరికీ గుర్తొస్తాడు.

దీపాలవేళకు ఇల్లు చేరాడు. రాయి మీద కప్పిన గోనెసంచి తీశాడు. దగ్గుకుంటూ, ఆయాసపడుతూ పైబిళ్లను లేపి గోడకు ఆనించి, కింది రాతిని తడిగుడ్డతో తుడిచాడు. ఉలి ఎక్కడ పెట్టాలో చూసుకుందామని, అలవాటు కొద్దీ అరచెయ్యి ఆనించాడు.

పొయ్యి వైపు అరచెయ్యి లోపలికి దిగింది. అద్దంలాంటి నునుపు. లింగవ్వ కూర్చునే పక్క అది. కాసేపు చెయ్యి అక్కడే ఉంచుకుని, మెల్లగా అవతలి వైపుకు జరిపాడు. జరిపి, ఆగిపోయాడు. గరుకు అరచేతికి గుచ్చుకుంటోంది. ఎప్పటి కక్కులో అవి, తన చేత్తో తాను పెట్టినవే, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. రోజంతా ఊళ్లో పని చేసొచ్చి, ఆమె పోరు పడలేక గుడ్డిదీపం ముందు పైపైన నాలుగు దెబ్బలు కొట్టి లేచేవాడు. ఇంటి రాయిని ఏనాడైనా సరిగ్గా చూస్తే గదా!

కాపురానికొచ్చిన కొత్తలో ఈ రాయిని గోడవారగా వేయబోతే లింగవ్వ పడనివ్వలేదు. ఇద్దరు కూర్చునేటట్టు వెయ్యమంది. పుట్టబోయే ఆడపిల్ల కోసమనుకున్నాడు. పిల్లలు పుట్టలేదు. తెల్లవారుజామున ఒక్కతే విసురుతూ, జెరంత చెయ్యెయ్యరాదా అని ఎన్నిసార్లు పిలిచిందో. పొద్దంతా రాళ్లతోనే చస్తున్న, ఇంటికాడ గూడ రాయేనా అని ఆ పక్కకు తిరిగి పడుకునేవాడు. విసుర్రాయి వద్ద మగాడు కూర్చుంటే నవ్వుతారని కూడా ఓ సాకు.

లింగవ్వ పోయాక తాను ఒంటివాణ్ణయ్యానని ఏడవని రోజు లేదు. ఆమె ఇదే ఇంట్లో, తాను బతికి పక్కనే ఉండగా, ఎన్నేళ్లు ఒంటిగా ఉందో ఇప్పుడు తెలిసింది. సిగ్గేసింది. దుఃఖం ఆగలేదు. ఎవరూ లేరు గనక గట్టిగానే ఏడ్చాడు.

ఉలిని తీసి పక్కన పడేశాడు. కక్కు పెట్టడు. నవ్వితే నవ్వనీ లోకం. పైబిళ్లను మళ్లీ ఎక్కించి, గోనెసంచిని మడతలు పెట్టి అవతలి పక్కన వేసుకుని కూర్చున్నాడు. కనకవ్వ ఇచ్చిన జొన్నలు పిడికెడు తీసి పైబిళ్ల నడుమనున్న కంట్లో పోశాడు. పిడి పట్టుకున్నాడు.

“కూసున్న లింగవ్వా,” అన్నాడు. “ఇగ తిప్పు.”

రాయి బరువుగా కదిలింది. సగం గింజలు నలిగాయి, సగం నలక్కుండానే చుట్టూ రాలాయి. తిప్పుతూనే ఉన్నాడు. గోడ అవతల దుర్గవ్వకు ఆ చప్పుడు వినబడింది. ఇన్నాళ్లకు ఆ ఇంట్లో రాయి తిరుగుతోందని సంతోషపడింది పాపం. రాయి చాలాసేపు తిరిగి, మెల్లగా ఆగిపోయింది. పిండి అయిందేమో అనుకుని దుర్గవ్వ తన పనిలో తాను పడింది.

పొద్దున బండి వచ్చేసరికి దుబ్బయ్య పిడి మీద చెయ్యి వేసి, ఆ చేతి మీద తల వాల్చి ఉన్నాడు. భూపతి భుజం కుదిపి చూసి, అంజవ్వను లోపలికి రావద్దన్నాడు.

దినాలయ్యాక రాయిని బండెక్కించారు. ఎక్కిస్తూ భూపతి చెయ్యి ఆనించి చూసి, కక్కు పెట్టనే లేదు గదా, సిద్దిపేటలోనే ఎవరితోనైనా పెట్టించుకుని పోదామన్నాడు.

“వద్దు. ఉన్నదున్నట్టే కొంచవోదాం,” అంది అంజవ్వ. ఎందుకన్నదో ఆమెకే తెలియదు.

లింగవ్వ ఉన్నన్నాళ్లు పొయ్యి పక్కనే కూర్చునేదని, గీ పక్కన మనిషి కూర్చోవడం తానెన్నడూ చూడలేదని దుర్గవ్వ చెప్పుకొచ్చింది. బండి కదిలింది. ఖాళీ ఇంట్లో, ఎవరూ కూర్చోలేదన్న ఆ పక్కన, మడతలు పెట్టిన గోనెసంచి మనిషి కూర్చున్నంత మేర అణిగి, అంచున ఇంత జొన్నపిండితో అట్లాగే ఉండిపోయింది.