బురుజు చుట్టూ ఉన్నిదారం

నౌమాన్ తల్లికి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయి ఏడాదయింది. సౌదీలోని అసీర్ కొండల మీద, కిటికీ తెరిస్తే మబ్బు ఇంట్లోకి వచ్చే ఆ చిన్న ఊళ్లో ఆవిడను కనిపెట్టుకుని ఉండటానికే పోశమ్మను సిద్దిపేట నుంచి రప్పించారు. ఒళ్లు తుడవటం, అన్నం తినిపించటం, చక్రాల కుర్చీలో ఎండకు తిప్పటం ఆమె పని. ముసలామె మాట్లాడే కొండ అరబ్బీ మొదట్లో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఇప్పుడు తిట్లతో సహా అర్థమవుతోంది.

చలి తగ్గుతుండగా బడిపంతులు నౌమాన్ ఒక కబురు తెచ్చాడు. నలభై ఏళ్ల కిందట ఆగిపోయిన ఉన్ని పండుగను ఊరివాళ్లు మళ్లీ జరుపుతున్నారు. సంత మైదానంలో దుకాణాలు, పాత ఫొటోలు, అద్దాల పెట్టెలో తల్లి వాడిన కదురు.

"దారం ఎవరు వడుకుతారు?" అని అడిగింది ముసలామె.

"ఇప్పుడు ఎవరికి వచ్చమ్మా? ఊరికే చూడటానికే."

"దారం లేకుండా అదేం పండుగ?" అని ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

సాయంత్రం పోశమ్మ బుజ్జగిస్తే అప్పుడు చెప్పుకొచ్చింది. పండుగ రోజు గొర్రెలకు బొచ్చు కత్తిరించేవారట. ఆడవాళ్లంతా సంత మైదానంలోని రాతిబురుజు కింద కూర్చుని వడికేవారట. ఎవరి దారం వాళ్లు తెచ్చి, ఒకదానికొకటి ముడేసి, పొద్దు గుంకేలోగా బురుజు చుట్టూ తిప్పేవారు. ఆ ఏడు మొదట పుట్టిన బిడ్డకు ఆ దారంతోనే దుప్పటి నేసేవారు.

పోశమ్మ కురుమల ఇంటి ఆడపిల్ల. తల్లి గొంగళ్లకు ఉన్ని ఏకుతుంటే పక్కన కూర్చుని పెరిగింది. పదేళ్లకే ఆమెకు రాట్నం పట్టుబడింది.

"నేను వడుకుతాను" అంది.

నౌమాన్ ఒప్పుకోలేదు. "మా పండుగలో పనిమనిషి వడికిందంటే ఊరు నవ్వుతుంది" అన్నాడు. ముసలామె దిగ్గున తల తిప్పింది. "కదురు నాది. అద్దాల పెట్టెలో పెట్టనివ్వను. వెళ్లి ఉన్ని తీసుకురా."

ఉన్ని వచ్చింది గానీ పని సాగలేదు. ఇక్కడ రాట్నం లేదు. కదురును తొడ మీద దొర్లించి, కిందికి వదిలి తిప్పాలి. పోశమ్మ వదిలినప్పుడల్లా దారం పుటుక్కున తెగేది. ముసలామె మంచం మీద నుంచి అరిచేది. "ఎక్కువ లాగకు! నెమ్మది!" వారం తిరిగేసరికి తొడ మీద తోలు కమిలిపోయింది.

ముసలామెకు సూది వేయడానికి వచ్చే భీమవరం నర్సు రత్నమణి అది చూసి కంగారుపడింది. "ఎందుకొచ్చిన గొడవ పోశమ్మక్కా? రేపు ఏదన్నా తేడా వస్తే పనిలోంచి తీసేస్తారు."

"తీసేస్తే తీసేయనీ చెల్లె. నేనేం దొంగతనం చేస్తున్ననా? మా అమ్మ నేర్పిన పని చేస్తున్న."

పదహారో రోజున దారం తెగకుండా బారెడు సాగింది. ముసలామె ఎడమచేత్తో తడిమి చూసి, ఇంకా వడకమన్నట్టు గడ్డం ఎగరేసింది.

పండుగనాడు పొద్దున్నే పోశమ్మ కుర్చీ తోసుకుంటూ వెళ్లి బురుజు నీడలో చాప పరిచింది. జనం చుట్టూ మూగి ఫోన్లు పైకెత్తారు. "మన పని మనకు హిందీది నేర్పుతుందా?" అని, ఇండియా వాళ్లను అక్కడ పిలిచే మాటతో ఒకడు నవ్వాడు. పోశమ్మ తలెత్తలేదు. ముసలామె ఎడమచేత్తో ఉన్ని అందిస్తుంటే కదురు తిప్పుతూనే ఉంది.

మధ్యాహ్నానికి దారం సగం బురుజుకు కూడా రాలేదు. అప్పుడొక పెద్దామె చాప అంచున కూర్చుంది. "చేతులు దురద పెడుతున్నాయి, ఇంకో కదురు ఉందా?" అని అడిగింది. లేదనేసరికి మనవడి చేత కర్ర చెక్కించుకుంది. ఆమెను చూసి మరో ముగ్గురు వచ్చారు. మరిచిపోయామనుకున్న పని చేతులకు గుర్తుంది. కాసేపటికే ఒకరి దారం లావుగా ఉందని మరొకరు అంటూ పోట్లాడుకుంటున్నారు.

సాయంత్రం నమాజు తర్వాత కొలిచారు. పది బారలు తక్కువైంది. పెద్దవాళ్లు అలసిపోయి గోడకు జారబడ్డారు. పోశమ్మ వేళ్లు చిట్లి ఉన్నికి నెత్తురు మరకలు అంటుతున్నాయి. సెలవు పెట్టుకొచ్చిన రత్నమణి ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఇంక చాలక్కా, చూడు ఎలా అయిపోయాయో!"

"పది బారలే చెల్లె. గింతదూరం వచ్చి గిక్కడ ఆగుతనా? జర గుడ్డపేలిక చుట్టు."

పేలిక చుట్టించుకుని మళ్లీ కూర్చుంది. మైదానంలో పాటలు ఆగిపోయాయి. పొద్దు కొండంచుకు దిగుతుండగా చివరి పోగు ముడిపడింది. నౌమానే దారం పట్టుకుని బురుజు చుట్టూ నడిచాడు. రెండు కొసలూ కలిశాయి, ఇంకా జానెడు మిగిలింది. ఆడవాళ్లు ఒక్కసారిగా నాలుక ఆడించి కేరింత కొట్టారు. ముసలామె పోశమ్మ చెయ్యి లాక్కుని తన ఒళ్లో పెట్టుకుంది.

మర్నాడు పోశమ్మ వేళ్లు ముడుచుకోలేదు, టీ కెటిల్ పట్టుకోవడం కుదరలేదు. నౌమానే పొయ్యి వెలిగించి, టీ కాచి ఇద్దరికీ చెరో గ్లాసు తెచ్చాడు. ముసలామె ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"చక్కెర ఎవరు వేస్తారు, నీ తాతా?"