బున్ చా తిన్న బిందుమాధవి

కౌశిక్ ఇంట్లో సోమవారం ఉల్లిపాయ తరగడానికి కూడా వీల్లేదు. గుమ్మం దాటాడంటే మాత్రం పంది, పీత, నత్త దేన్నీ వదలడు. లీడ్స్‌లో అతని స్నేహితులందరిదీ ఇదే తంతు. వంటింటి మడి పెళ్లాం కాపాడాలి, నాలుక మాత్రం తమ ఇష్టం. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమైనా ఉందని ఆ మహానుభావులకు ఏనాడూ తోచలేదు.

ఏటా వీళ్లంతా కలిసి ఒక దేశం చూసొస్తారు. కౌశిక్ పెళ్లాం బిందుమాధవి లీడ్స్‌కి కాపురానికొచ్చి మూడేళ్లయినా ఫ్లాటు, తను పనిచేసే డాక్టరు క్లినిక్, ఇండియన్ స్టోరు తప్ప మరేమీ చూడలేదు. ఈసారి వియత్నాం అనగానే ఆమెకు మనసు లాగేసింది. హనోయ్ వీధుల్లో చిన్న ప్లాస్టిక్ స్టూళ్ల మీద కూచుని జనం తినే వీడియోలు తెగ చూసింది. తనూ అలా ఓ స్టూలు మీద, మొగుడి పక్కన కూచోవాలి. అంతకుమించి ఆశలేం లేవు.

"నేనూ వస్తానండీ" అంది.

"వచ్చి ఏం చేస్తావ్? ప్రతి బండి దగ్గరా ఇది వెజ్జా, అది వెజ్జా అని మా పరువు తీస్తావ్. అక్కడ ఆకుకూరలో కూడా చేపల సాసు పోస్తారు. తింటానంటే చెప్పు, టికెట్ తీస్తా."

తినదన్న ధీమాతోనే అంత ధారాళంగా మాటిచ్చాడు.

పిచ్చిది, ఆ మాట పట్టుకుంది. క్లినిక్ పక్క వీధిలో ఒక వియత్నాం బండి ఉంది. లంచ్ టైములో ఎవరికీ చెప్పకుండా వెళ్లి, కోడిముక్కలు పెట్టిన బాన్ మీ రొట్టె కొనుక్కుంది. మొదటిరోజు టాయిలెట్‌లో కక్కుకుంది. మొహం కడుక్కుని, మర్నాడు మళ్లీ వెళ్లింది. మెల్లమెల్లగా ముక్క గొంతు దిగడం మొదలైంది. పుట్టి బుద్ధెరిగాక చేయని పని ఆ మొగుడి కోసం చేసింది, పాపం.

శనివారం కౌశిక్, అతని స్నేహితులంతా ఆ బండి దగ్గరే చేరారు, బిందుమాధవీ వెంట వెళ్లింది.

"వదినకి టోఫూ చెప్పనా?" అన్నాడు మణిదీప్, నవ్వు ఆపుకుంటూ.

"నాక్కూడా బున్ చానే చెప్పు" అంది బిందుమాధవి.

నిప్పుల మీద కాల్చిన పందిమాంసం, పులుపూ తీపీ కలిసిన పులుసులో తేలుతూ వచ్చింది. పక్కన తెల్లటి బియ్యపు సేమ్యా, పుదీనా. నిశాంత్ ఫోన్ తీసి వీడియో పట్టాడు. "సేమ్యా ఏరుకుంటే లెక్కలోకి రాదు వదినా, ముక్క తినాలి."

తింది. అందరూ ఈలలు వేస్తుంటే ఒక్క ముక్కా మిగల్చకుండా తింది. నిజం చెప్పొద్దూ, ఆమెకు ఆ రుచి నచ్చింది కూడా. కౌశిక్ ఒక్కడే నవ్వలేదు.

ఇంటికొచ్చి టీ పెట్టబోతే, "ఆగు. స్నానం చేసిరా. ఆ నోటితో పొయ్యి దగ్గరికి రాకు" అన్నాడు.

"మీరూ తిన్నారు కదండీ."

"నా సంగతి వేరు."

స్నానం చేసొచ్చి, తడిజుట్టుతో ఎదురుగా నిలబడింది. "టికెట్ ఎప్పుడు తీస్తారు?"

"అమ్మ వస్తోంది. కార్తీక మాసమంతా ఇక్కడే, మా ట్రిప్పూ అప్పుడే. తనకి టికెట్ తీసి నెలైంది. మడిగా వండిపెట్టడానికి నువ్వుండాలిగా."

"తింటే తీసుకెళ్తానన్నారు."

"నిజంగా తింటావని కలగన్నానా?"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "అత్తయ్యగారికి అన్నీ చెప్తాను. మీరు బయట ఏం తింటారో కూడా చెప్తాను."

"చెప్పు. అమ్మకి ఎప్పుడో తెలుసు. మగపిల్లాడు, బయట తింటే ఏమైందిలే అంటుంది." నిశాంత్ పంపిన వీడియో తీసి ఆమె మొహం ముందు పెట్టాడు. "ఇది చూస్తే మాత్రం నీ చేతి మంచినీళ్లు ముట్టదు. మీ నాన్నక్కూడా పంపుదామా? తెనాల్లో తలెత్తుకు తిరుగుతాడేమో చూద్దాం."

తెరమీద బిందుమాధవి ముక్క నములుతూ, మొగుడి వైపు చూసి సంబరంగా నవ్వుతోంది.

"భయపడకు, పంపన్లే" అన్నాడు ప్రేమగా, ఆమె బుగ్గ తట్టి. "బుద్ధిగా ఉంటే ఎందుకు పంపుతాను?"

ఆమె తడిజుట్టు ముడేసుకుని, బీరువాలోంచి మడిచీర తీసింది.

"అత్తయ్యగారు ఏ తారీఖున దిగుతున్నారండీ?" అని అడిగింది.