నా వైపు బ్రేకు

కారు నడపడం నేర్పించడం నా వృత్తి. ఆ కారును కనిపెట్టుకుని చూసుకోవడం కూడా నా పనే. ఆయిల్ నేనే మారుస్తాను, ఫిల్టర్లు నేనే మారుస్తాను, బ్రేకు ప్యాడ్లు అరిగాయో లేదో చక్రం విప్పి నేనే చూసుకుంటాను. ఇందులో గొప్పేమీ లేదు. కారుతో పాటు ఇచ్చిన పుస్తకంలో అన్నీ రాసే ఉన్నాయి. చదివే ఓపికా, గోళ్ళలో నలుపు చేరినా ఫరవాలేదనే మొండితనమూ ఉంటే చాలు. మా వీధి వాళ్ళకు మాత్రం నేను కారు కింద దూరితే అదో వినోదం. ఎదురింటాయన పేపరు పట్టుకుని బాల్కనీలోకి వచ్చి, పేపరు తప్ప అన్నీ చూస్తాడు.

మా ఆయనకు ఇదంతా భయం. కారు కొన్నప్పుడు కాగితాల్లో ఆయన ఫోన్ నంబరు రాశారు కాబట్టి షోరూము వాళ్ళు ఆయన్నే పట్టుకున్నారు. ఇంట్లో చేసుకుంటే వారంటీ పోతుందని ఒకటే ఊదరగొట్టారు. ఆయన వచ్చి నా చెవిలో జోరీగలా అదే పాట.

"రేపు గేర్‌బాక్సు పోతే ఏం చేస్తావు? మనకున్నదే ఆ కారు. ఒక్కసారి వాళ్ళకిచ్చి చూద్దాం."

గేర్‌బాక్సు మాటకు నేనూ మెత్తబడ్డాను. సరే పదండి అన్నాను. ఆ 'సరే' గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సర్వీసు సెంటరంటే పెద్ద హాలు, మెత్తటి సోఫాలు, కాఫీ మిషను. గోడంత అద్దం, ఆ అద్దం అవతల మన కారు. ఆస్పత్రిలో ఆపరేషన్ గది బయట కూర్చోబెట్టినట్టు కూర్చోబెడతారు. లోపలికి వెళ్ళే తలుపు మీద 'కస్టమర్లకు ప్రవేశం లేదు' అని బోర్డు. మెడకు టై, చేతిలో ట్యాబుతో ఒక అడ్వైజరు వచ్చాడు. వాడికి అప్పుడే టైబాబు అని పేరు పెట్టుకున్నాను. తాళాలు నా చేతిలో ఉన్నాయి. మాట్లాడింది మా ఆయనతో.

"ఎంత మైలేజీ ఇస్తోంది సార్?"

మా ఆయన నా వైపు చూశారు. నేను చెప్పాను. టైబాబు అది రాసుకుని మళ్ళీ మా ఆయన్నే అడిగాడు.

"బ్రేకులేమైనా శబ్దం చేస్తున్నాయా సార్? మేడం గారు ఇంట్లో ఏమైనా కదిపారా?"

మేడం గారు పక్కనే ఉంది, నోరు కూడా ఉంది. కోపం దిగమింగుకుని ఒకే ఒక్క విషయం, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాను.

"ఇది డ్రైవింగ్ నేర్పే కారు. నా సీటు వైపు కూడా బ్రేకు పెడల్ ఉంది. దాన్ని రవాణా ఆఫీసు వాళ్ళు చూసి పాస్ చేశారు. దాని జోలికి మాత్రం వెళ్ళొద్దు."

"ష్యూర్ మేడం, నోట్ చేసుకున్నాను" అని ట్యాబును వేలితో రెండుసార్లు పొడిచాడు. సాయంత్రానికి కారు తళతళలాడుతూ వచ్చింది. లోపల అత్తరు వాసన, కాళ్ళ కింద కాగితం పట్టా, అద్దానికి 'మీ భద్రతే మా బాధ్యత' అని స్టిక్కరు. మా ఆయన ముఖం వెలిగిపోయింది.

మర్నాడు పొద్దున నర్సమ్మగారి క్లాసు.

ఆవిడ గురించి చెప్పాలి. ఆస్పత్రిలో ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి. ఇప్పుడు మంచాన పడ్డ రోగుల ఇళ్ళకు వెళ్ళి కట్లు కట్టే, ఇంజెక్షన్లు చేసే ఉద్యోగం వచ్చింది. కానీ కారు సొంతంగా నడుపుకోవాలన్నది షరతు. లైసెన్సు పరీక్ష ఆ వారంలోనే. నా దగ్గరికి రాకముందు వేరే స్కూల్లో చేరితే అక్కడి మాస్టారు నడిరోడ్డు మీద అరిచి ఏడిపించాడట. మొదటి రోజు స్టీరింగు పట్టుకున్న ఆవిడ చేతులు వణికాయి. ఎవరి రక్తం చూసినా వణకని చేతులవి.

అందరికీ చేసినట్టే ఆవిడకూ చేశాను. బయల్దేరే ముందు నాకొక పద్ధతి ఉంది. నేర్చుకునేవాళ్ళను బ్రేకు మీద కాలు ఊరికే ఆనించమంటాను. నా వైపు పెడల్‌ను నేను తొక్కుతాను. రెండింటినీ కలుపుతూ ఇనుప రాడ్డు ఉంటుంది కాబట్టి, వాళ్ళ కాలి కింది పెడల్ కూడా తనంతట తాను దిగుతుంది. అప్పుడు "నేనున్నాను, పదండి" అంటాను. నర్సమ్మగారు ఆ ధైర్యంతోనే ఇన్నాళ్ళూ రోడ్డెక్కింది.

ఆ పొద్దున కూడా కాలు ఆనించింది. నేను తొక్కాను. నా పెడల్ జారినట్టు నేలదాకా పోయింది.

"దిగలేదండీ" అందావిడ.

మళ్ళీ తొక్కాను. నా కాలి కింద ఏమీ లేదు. మెట్ల మీద నిలబడ్డ మా ఆయన "నిన్ననేగా సర్వీసయింది" అన్నారు. నేను టార్చి తీసుకుని డ్యాష్‌బోర్డు కిందికి వంగి చూశాను. రాడ్డు లేదు. పెడల్‌ను మాత్రం బొమ్మలా అలాగే ఉంచారు.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఊడబీకినవాడు పెడల్ కూడా పీకేసి ఉంటే ఎక్కగానే తెలిసేది. నమ్మించడానికి దాన్ని వదిలి, కారును ఆపే రాడ్డును తీసేశారు. రోడ్డు మీద పిల్లాడెవడైనా బంతి కోసం అడ్డొచ్చి, ఈవిడ కంగారుపడి, నేను ఆ పెడల్ తొక్కి ఉంటే?

నర్సమ్మగారికీ అదే తోచినట్టుంది. దిగి తలుపు మెల్లగా వేసింది.

"నాకిక వద్దండీ. నా వల్ల కాదు. ఉద్యోగం వద్దని చెప్పేస్తాను."

నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఇన్ని రోజులు పోగుచేసుకున్న ధైర్యాన్ని ఎవడో ఒక రాడ్డుతో పాటు పీకి పారేశాడు.

"అలాగే మానేద్దురుగాని. ముందు నాతో రండి. మీరే సాక్షి" అని ఆవిడను వెనక సీట్లో కూర్చోబెట్టాను. డ్రైవరు వైపు బ్రేకు సరిగా ఉందో లేదో రెండుసార్లు చూసి, స్టీరింగు నేనే పట్టుకున్నాను. మా ఆయన కూడా ఎక్కారు.

సర్వీసు సెంటర్లో టైబాబు చెక్కుచెదరని నవ్వుతో ఎదురొచ్చాడు. విషయం చెబితే ట్యాబు చూసుకున్నాడు.

"అది కంపెనీ ఫిట్టింగ్ కాదు మేడం. బయటి ఫిట్టింగ్ ఉంటే తీసెయ్యాలని మా రూలు. మీ సేఫ్టీ కోసమే."

"మరి పెడల్ ఎందుకు వదిలేశావు?"

"అది నేలకి బిగించి ఉంది మేడం. తీస్తే కార్పెట్ పాడవుతుంది."

"కార్పెట్టా! మనుషులు పోయినా ఫరవాలేదు గానీ కార్పెట్ పాడవకూడదా? తాకొద్దని చెప్పానా లేదా? తీశామని ఒక్క మాటైనా చెప్పారా?"

సోఫాల్లోని జనం కాఫీ కప్పులు కింద పెట్టారు. టైబాబు అలవాటైన దారే పట్టి, మా ఆయన వైపు తిరిగాడు.

"సార్, మీరైనా చెప్పండి మేడంకి."

మా ఆయన గొంతు సవరించుకున్నారు.

"నాకు కారు నడపడమే రాదు బాబూ. నిన్న కూడా నువ్వు అడగాల్సింది ఆవిడనే. నేను చెప్పాల్సింది ఒకటే, నిన్ను నమ్మి మా ఆవిడ మాట వినలేదు."

"రాడ్డేది?" అన్నాను నేను.

"స్క్రాప్‌లో వేసి ఉంటారు మేడం. మీకు కావాలంటే ఒక ఫ్రీ వాష్..."

మిగతాది వినలేదు. ప్రవేశం లేదన్న తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. వెనక పాత ఇనుము వేసే డ్రమ్ములో చేతులు పెట్టి కెలికితే, పాత ఫిల్టర్ల కింద నా రాడ్డు, దాని బోల్టులు దొరికాయి. ఎవరూ ఆపలేదు. ఆపితే ఏమయ్యేదో నాకూ తెలియదు.

షోరూము గుమ్మం ముందే కారు తలుపు తెరిచి నా పనిముట్ల సంచి దించాను. తల డ్యాష్‌బోర్డు కింద, కాళ్ళు బయట. ఇక్కడ పని చేయకూడదు మేడం అని టైబాబు నా కాళ్ళకు చెప్పుకుంటున్నాడు. మా ఆయన టార్చి పట్టుకున్నారు, వెలుతురు ఎప్పటిలాగే పక్కకు పడుతోంది. ఇంతలో ఇంకో చేయి వచ్చి ఆ టార్చిని సరైన చోటుకు తిప్పింది. నర్సమ్మగారు వంగి, నేను బిగిస్తున్న ప్రతి బోల్టునూ కళ్ళార్పకుండా చూస్తోంది.

"అది ఇంకాస్త బిగించాలా?"

"మీరే బిగించండి" అని స్పానరు చేతికిచ్చాను. దాన్ని పట్టుకున్నప్పుడు ఆవిడ చేతులు వణకలేదు.

నేను లేచి దులుపుకునేసరికి ఆవిడ డ్రైవరు సీట్లో ఉంది. బ్రేకు మీద కాలు ఆనించి ఎదురు చూస్తోంది. నా సీట్లో కూర్చుని నా పెడల్ తొక్కాను.

"దిగింది" అంది.

మా ఆయన వెనక ఎక్కి తలుపు వేసుకున్నారు. టైబాబు ట్యాబు పట్టుకుని కారుకు అడ్డంగా వచ్చాడు.

"ఒక్క సంతకం మేడం. మీరే బిగించారు కాబట్టి ఇకపై ఈ బ్రేకుకి మా బాధ్యత ఉండదు."

నేను నోరు తెరిచేలోపే నర్సమ్మగారు అద్దం దించి, తల బయటికి పెట్టింది.

"కాస్త తప్పుకోండి బాబూ. నేనింకా నేర్చుకుంటున్నాను."

వాడు ఒక్క గెంతులో పూలకుండీల అవతల పడ్డాడు. కారు మెల్లగా గేటు దాటి రోడ్డెక్కింది. దారి పొడుగునా నా కాలు నా బ్రేకు మీదే ఉంచాను, కానీ తొక్కే అవసరం ఆవిడ రానివ్వలేదు.